చేతులకు తెలిసిన దారి

పోయిన వారం మన డ్రైవరును లారీల యార్డు పక్కనున్న కంపెనీ క్లినిక్కు గుమ్మంలో చెప్పులు విప్పుతూ ఉండగా వదిలేశాం. పాపం, అప్పట్నుంచీ అక్కడే నిలబడి ఉన్నాడు. ఇక లోపలికి రానిద్దాం.

కథ మధ్యలో వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు చెప్పాలి. ఈయన ఇరవై ఏళ్ళుగా లారీ తోలుతున్న మనిషి. సరుకు చెప్పిన వేళకి చేరుస్తాడని తోటివాళ్ళు ‘గడియారం’ అని పేరు పెట్టారు. ఆ పేరు నిలబెట్టుకోవడానికి తినాల్సినప్పుడు తినక, పడుకోవాల్సినప్పుడు పడుకోక, నీళ్ళు తాగితే బండి ఆపాల్సి వస్తుందని దాహమేసినా తాగక, ఒళ్ళు గుల్ల చేసుకున్నాడు. చివరికి ఒక గోదాము ముందు సరుకు దించుతుండగా, ఆగి ఉన్న బండిలోనే స్టీరింగు మీదికి వాలిపోయాడు. రక్తపోటు ఆకాశాన్ని అంటుతోందన్నారు. లారీ ఎక్కొద్దు, మాత్రలు వేసుకో, ఉప్పు తగ్గించు, నడువు, వేళకి నిద్రపో, టెన్షన్ తగ్గించుకో అని డాక్టరమ్మ పంపించేసింది. “టెన్షన్ ఏ షాపులో తూకమేసి ఇచ్చారో చెబితే సగం వెనక్కి ఇచ్చేస్తా డాక్టర్ గారూ” అని నవ్వి వెళ్ళాడే, ఆయనే ఈయన.

వెళ్ళి ఊరుకోలేదు. సరుకు చేరవేసినంత నిష్ఠగా ఆరోగ్యాన్నీ చేరవేద్దామని నడుం బిగించాడు. పొద్దున్నే నడక, చప్పిడి కూరలు, మాత్రలు. ఒక్క నిద్రే మాట వినలేదు. కదలని మంచం మీద ఆయనకి కన్ను మూతపడదు. ఎదురింటివాళ్ళు నీళ్ళ మోటారు వేసినప్పుడు గోడ సన్నగా వణుకుతుందని కనిపెట్టి, ఆ గోడకి వీపు ఆనించి పడుకోవడం మొదలుపెట్టాడు. భార్య చూసి నవ్వాలో ఏడవాలో తెలియక దుప్పటి కప్పింది.

ఇవాళ ఆ కష్టమంతా తేలే రోజు. డాక్టరమ్మ సరే అంటే ఈ పూటే బండెక్కుతాడు. కాదంటే ఆయన లారీ ఎప్పటికీ మరొకడి చేతికి పోతుంది. బండి తోలడం తప్ప ఇంకో పని చేతకాని మనిషికి అంతకంటే పెద్ద దెబ్బ ఏముంటుంది?

“చొక్కా చెయ్యి పైకి మడవండి” అంది నర్సు.

మడిచాడు. దండకి పట్టీ చుట్టి ఆమె మీట నొక్కింది. పట్టీ బిగుసుకుంటుంటే డ్రైవరు కళ్ళు మూసుకుని, నేర్చుకున్నట్టే నెమ్మదిగా గాలి పీల్చి నెమ్మదిగా వదిలాడు. సరిగ్గా అప్పుడే కిటికీ బయట ఎవరో లారీ స్టార్టు చేశారు. ఆ చప్పుడు ఏ బండిదో ఆయనకి వేరే చెప్పాలా? నీలం కేబిన్, ఆయన బండే. మరొకడెవడో యాక్సిలేటరు తొక్కుతున్నాడు, అదీ మోటుగా. ఆయన పళ్ళు పటపటలాడాయి.

యంత్రం కుయ్యిమంది. నర్సు అంకె చూసి పట్టీ మళ్ళీ సర్దింది.

“ఎంతమ్మా?”

“మాట్లాడకండి. మాట్లాడితే పెరుగుతుంది. ఇంకోసారి చూద్దాం. మనసు ప్రశాంతంగా పెట్టుకోండి.”

ప్రశాంతంగా పెట్టుకోమంటే పెట్టుకోవడానికి మనసేమైనా టిఫిన్ డబ్బానా? ఎంత పెట్టుకుందామనుకుంటే అంత జారిపోయింది. రెండోసారి అంకె మొదటిదాన్ని మించింది. మూడోసారి పట్టీ బిగుస్తుండగా తలుపు తోసుకుని సూపర్‌వైజరు తల లోపల పెట్టాడు.

“ఏమైంది? పాసా, ఫెయిలా? బండి లోడై నిలబడుంది. నేనెవరికో ఒకరికి తాళం ఇవ్వాలి.”

“బయటికి వెళ్ళండి సార్!” అని కసిరింది నర్సు. తల మాయమైంది కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. డ్రైవరుకి తన చెయ్యి తనది కానట్టు అనిపించింది. ఇన్నాళ్ళు చప్పిడి తిండి తిన్నది ఈ నోరే, నడిచింది ఈ కాళ్ళే. తీరా తాడోపేడో తేలే వేళకి ఒళ్ళు తన మాట వినకుండా అడ్డం తిరిగింది. ఎవరి మీద కోప్పడతాడు?

భార్య పక్క బల్ల మీద కూర్చుని ఉంది. ఆవిడ బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పొద్దుటి షిఫ్టులో సగం పూట సెలవడిగి, అక్కణ్ణుంచి నేరుగా బస్సులో వచ్చింది. చీర కొంగుకి ఇంకా దారప్పోగులు అంటుకునే ఉన్నాయి.

“డాక్టర్ గారూ, ఇంట్లో బాగానే ఉంటుందండీ. మెడికల్ షాపతను వచ్చి చూసి, కుర్రాడి బీపీలా ఉందన్నాడు. ఇక్కడికొస్తేనే ఈయనకి ఇలా అవుతోంది” అంది, ఎదురుగా కుర్చీలో ఉన్న డాక్టరమ్మని ప్రాధేయపడుతూ.

డాక్టరమ్మ నెమ్మదస్తురాలు. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ తలూపింది.

“నాకు తెలుసమ్మా. కొంతమందికి నన్ను చూస్తేనే పెరుగుతుంది. మా ఆయనకి కూడా అంతే. ఆ అంకె గురించి నాకు పెద్ద బెంగ లేదు. కాసేపాగి మళ్ళీ చూస్తాను. ఒంట్లో చాలా తేడా వచ్చింది, బరువు తగ్గారు, ముఖంలో కళ వచ్చింది. బాగా కష్టపడ్డారు.”

ఆ మాటకి డ్రైవరు గుండె మీద బరువు సగం దిగింది. భార్య వైపు చూసి, చూశావా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు.

“ఇక ఒక్క పని మిగిలింది” అంది డాక్టరమ్మ. “స్పృహ తప్పిన డ్రైవరు మళ్ళీ బండెక్కాలంటే, జోడీగా వెళ్ళే డ్రైవరు మాట కూడా నేను తీసుకోవాలి. మీ ఒంట్లో సంగతులు మీకంటే పక్క సీట్లో కూర్చున్నవాళ్ళకే ఎక్కువ తెలుస్తాయి. మీ జోడీ ఎవరు?”

డ్రైవరు పెద్దగా నవ్వేశాడు. “మా పొడుగోడండీ! ఇంతేనా? పిలవండి. పదకొండేళ్ళు ఒకే కేబిన్‌లో బతికాం. మా ఆవిడ కంటే వాడి గురకే ఎక్కువ విన్నాను.”

“చాల్లెండి సంబడం” అంది భార్య. కానీ ఆవిడ ముఖం కూడా విచ్చుకుంది.

పొడుగోడు తల వంచుకుని లోపలికొచ్చాడు. గుమ్మం ఏదైనా ఆయన తల వంచుకునే రావాలి, అంత ఎత్తు. లారీలో పడకబల్ల మీద కాళ్ళు పట్టక మోకాళ్ళు గడ్డానికి ఆనించి పడుకుంటాడు. యార్డులో అడుగుపెడితే పదిమందిని నవ్వించకుండా వదలడు. అలాంటిది ఇవాళ చేతిలో టోపీ నలుపుతూ గోడకి అతుక్కుని నిలబడ్డాడు.

“ఏంట్రా, పెళ్ళిచూపులకి వచ్చినవాడిలా నిలబడ్డావ్? కూర్చో” అన్నాడు డ్రైవరు.

“ఫర్లేదు బావా.”

ఇద్దరికీ చుట్టరికం ఏమీ లేదు. కేబిన్‌లో కలిసిన మొదటి రోజే బావా అని పిలిచాడు, అదే నిలిచిపోయింది. ఆ లెక్కన డ్రైవరు భార్య ఆయనకి చెల్లెమ్మ అయింది.

డాక్టరమ్మ సూటిగా అడిగింది. “గోదాము దగ్గర పడిపోయిన రోజు సంగతి నాకు తెలుసు. అది కాకుండా, అంతకుముందు ఎప్పుడైనా, బండి నడుస్తుండగా ఈయనకి ఏమైనా అయిందా?”

“లేదండీ” అన్నాడు డ్రైవరు.

“మిమ్మల్ని కాదు అడిగింది.”

పొడుగోడు టోపీని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. బయట నీలం బండి హారను కొట్టింది.

“చెప్పరా, ఏమీ లేదని చెప్పి పంపించు. లోడు నిలబడుంది” అన్నాడు డ్రైవరు.

“బావా, నన్ను తిట్టుకోవద్దు.”

ఆ ఒక్క మాటకి భార్య లేచి నిలబడింది.

“ఒకసారి అయిందండీ” అన్నాడు పొడుగోడు, డాక్టరమ్మ వైపు కూడా చూడకుండా, నేల చూపులు చూస్తూ. “నది మీద పొడుగు వంతెన ఉంది చూశారూ, దాని మీద. బావ తోలుతున్నాడు. నేను పక్కన కూర్చుని ఏదో కథ చెప్తున్నా. బావ ఊ కొడుతున్నాడు. కొడుతూ కొడుతూ ఆపేశాడు. నా కథ నచ్చలేదేమో అనుకుని ఇటు తిరిగి చూశా. కళ్ళు తెరిచే ఉన్నాయండీ. చేతులు స్టీరింగు మీదే ఉన్నాయి. బండి గీత గీసినట్టు పోతోంది. బావా అన్నా. పలకలేదు. భుజం పట్టుకుని కుదిపా. పలకలేదు. ఎదురుగా వంతెన మలుపు. కాలు యాక్సిలేటరు మీదే ఉంది.”

“తర్వాత?” అంది డాక్టరమ్మ.

“మీద పడి స్టీరింగు తిప్పి, హ్యాండ్‌బ్రేకు లాగేశా. వెనకాల వచ్చేవాళ్ళు బూతులు తిట్టుకుంటూ పోయారు. బండి ఆగాక బావ నా వైపు చూసి, ఎందుకాపావ్ రా, అన్నాడు. మామూలుగా. ఏమీ జరగనట్టే. నాకేం చెప్పాలో తోచక, టైరులో గాలి తగ్గినట్టుంది బావా, చూద్దామని, అన్నాను.”

ఆ టైరు డ్రైవరుకి గుర్తుంది! దిగి ప్రతి టైరునీ కాలితో తన్ని చూశాడు. గాలి నిండుగా ఉంది. ‘నడి వంతెన మీద బండాపి టైరు చూపించిన మగాడు’ అని ఆనాటి నుంచీ యార్డులో పొడుగోణ్ణి ఏడిపించి వదిలాడు. ‘గాలి మామ’ అని పేరు కూడా పెట్టాడు. అందరూ పగలబడి నవ్వితే, పొడుగోడూ వాళ్ళతో పాటు నవ్వాడు. ఒక్కసారైనా నోరు జారలేదు.

“నువ్వు అబద్ధం చెప్తున్నావ్” అన్నాడు డ్రైవరు.

“అబద్ధమైతే బాగుండేది బావా.”

భార్య పొడుగోడి ఎదురుగా వచ్చి నిలబడింది. ఆవిడ తల ఆయన ఛాతీ దాకా రాదు. అయినా ఆయన ఒకడుగు వెనక్కి వేశాడు.

“నువ్వు మా ఇంటికొచ్చి నా చేతి అన్నం తిన్నావ్. అన్నయ్యా అని పిలిచాను. ఒక్క ముక్క, ఒకే ఒక్క ముక్క నా చెవిన వెయ్యలేకపోయావా? ఆ వంతెన మీద ఏమైనా అయ్యుంటే నా పిల్లకి ఎవరు సమాధానం చెప్పేవాళ్ళు?”

“చెబితే ఏమవుతుందో తెలుసు కదా చెల్లెమ్మా. ఆ రోజే లైసెన్సు లాక్కునేవాళ్ళు. బావకి స్టీరింగు లేకపోతే ఏముంది? చేజేతులా బావ బతుకు నేనే ఎలా తీసెయ్యను? నేను పక్కనుంటే చాలు, చూసుకుంటాలే అనుకున్నా. అప్పట్నుంచీ బావ తోలుతున్నంతసేపూ నేను కన్ను మూయలేదు. కథలు చెప్తూనే ఉన్నా. ఊ కొట్టించుకుంటూనే ఉన్నా.” పొడుగోడు ముఖం తిప్పేసుకున్నాడు. “ఆ గోదాము దగ్గర పడిపోయిన రోజు బండి ఆగి ఉంది కాబట్టి సరిపోయింది. లేకపోతే... ఇక నా వల్ల కాదు చెల్లెమ్మా. ఇవాళ డాక్టర్ గారి ముందు అబద్ధమాడి తాళం ఇప్పించలేను.”

భార్య బల్ల మీద కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఎవర్ని తిట్టాలి? ప్రాణం కాపాడినవాడినా, దాచినవాడినా? ఇద్దరూ ఒక్కడే అయి కూర్చున్నాడు.

డ్రైవరు మాత్రం ఆ వంతెన కోసం వెతుక్కుంటున్నాడు. ఎక్కడం గుర్తుంది. టైర్లు తన్నడం గుర్తుంది. మధ్యలో ఏముంది? ఏమీ లేదు. చీకటైనా ఉంటే, చీకటి అనేవాడు. అదీ లేదు. తను లేని చోట తన చేతులు లారీ తోలాయి.

డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి జరుపుకుంది. ఇందాకటి నవ్వు లేదు.

“నేనొకటి అడుగుతాను, భయపడకుండా చెప్పండి. దారి గుర్తులేకుండా ఊరు చేరిపోవడం మీకు ఎప్పుడైనా జరిగిందా?”

“అది అందరికీ జరిగేదేనండీ!” అన్నాడు డ్రైవరు, గబుక్కున, పట్టుకోవడానికి కొమ్మ దొరికినట్టు. “మాలో పాతకాపులెవర్ని అడిగినా చెప్తారు. చేతులకి దారి తెలిసిపోతుంది. మనం వేరే ఆలోచనలో ఉంటాం, బండి దానంతటదే పోతుంది. కొత్తవాళ్ళకి అది రాదు, ఏళ్ళు పడుతుంది. గొప్పగా చెప్పుకుంటాం కూడా.”

“అవునండీ, అందరం అంటాం” అన్నాడు పొడుగోడు. “నేనూ అన్నాను. కానీ నేను పిలిస్తే పలుకుతానండీ. బావ ఆ రోజు పలకలేదు.”

డాక్టరమ్మ కళ్ళజోడు సర్దుకుంది. “అనుభవం అనుకుని మీరు వదిలేసినవాటిలో కొన్ని అనుభవం కాకపోవచ్చు. ఏళ్ళ తరబడి నిద్ర లేక ఇలా అవుతోందా, తలలో ఇంకేదైనా ఉందా అన్నది పరీక్షలు చేస్తేనే తెలుస్తుంది. ఉప్పు తగ్గిస్తేనూ నడిస్తేనూ పోయేది కాదిది. నేనూ బీపీ ఒక్కటే అనుకుని పొరబడ్డాను. సరే, ఈమధ్య ఎప్పుడైనా అలా అయిందా?”

“ఈమధ్య నేను లారీయే ఎక్కలేదు కదండీ.”

“లారీ కాదు. ఇంకేదైనా? స్కూటరు?”

“స్కూటరంటే రోజూ...” అని ఆగాడు.

ఆగి, తల వంచుకుని ఆలోచించాడు. ఇవాళ పొద్దున ఇంటి ముందు స్కూటరు తీశాడు. భార్య అప్పటికే షిఫ్టుకి వెళ్ళిపోయింది. పాప వెనకెక్కి కూర్చుంది. మూడో తరగతి చదువుతోంది, నోరు మూత పడదు. క్లాసులో పెంచుతున్న తాబేలు గురించి చెప్తోంది. దానికి ఇవాళ పేరు పెడతారట. ‘నాన్నా, ఏ పేరు బాగుంటుంది?’ అంది. ఆయన పాల దుకాణం మలుపు తిప్పాడు. పేరు చెప్పాడా? ఏం పేరు చెప్పాడు?

ఆ తర్వాత క్లినిక్కు ముందు స్కూటరుకి స్టాండు వేస్తున్నాడు. చెప్పులు విప్పుతున్నాడు.

ఆయన తలెత్తి భార్య వైపు చూశాడు.

“ఏమండీ?” అంది భార్య. ఆయన ముఖం చూసి ఆవిడకి అర్థమైపోతోంది, అర్థం కావడం ఇష్టం లేక అడుగుతోంది. “ఏమండీ, పాపని స్కూలు దగ్గర దింపారుగా?”

“దింపాను.” స్కూలు గేటు ఆయన కళ్ళముందు నిలిచింది. ఆకుపచ్చ గేటు, వాచ్‌మన్ కుర్చీ, పాప చెయ్యి ఊపడం. కానీ ఊపుతున్న పాప ఒంటి మీద పసుపు స్వెటరు ఉంది. ఇవాళ ఎండగా ఉందని స్వెటరు వేసుకోనని మారాం చేసింది కదా. అయితే ఆ గేటు నిన్నటిది. మొన్నటిది. అటు మొన్నటిది. ఇవాళ్టి గేటు కోసం ఎంత తవ్వినా దొరకలేదు.

“దింపారా, లేదా?”

“తెలీదే” అన్నాడు. “నాకు తెలీదు.”

భార్య ఫోను తీసి, స్పీకరు పెట్టి, స్కూలుకి చేసింది. ఎవరో ఎత్తారు. పాప పేరు, తరగతి చెప్పి, ఒక్కసారి చూసి చెప్పమని బతిమాలింది. ‘ఉండండి, క్లాసులో అడిగి వస్తాను’ అని అవతలి మనిషి ఫోను బల్ల మీద పెట్టిన చప్పుడు గది మొత్తానికీ వినిపించింది. నర్సు చేతిలో పట్టీ అలాగే వేలాడుతోంది. డ్రైవరు ఫోను వంక చూస్తూ, దేవుడా, ఇవాళ్టి గేటు ఒక్కసారి గుర్తు రానీ అని లోపల్లోపల మొరపెట్టుకున్నాడు. లారీ వద్దు, లైసెన్సు వద్దు, ఏమీ వద్దు. ఆ గేటు ఒక్కటి గుర్తొస్తే చాలు.

ఫోనులో అడుగుల చప్పుడు. గొంతు సవరించుకున్న చప్పుడు.

“అమ్మా, పాప ఇవాళ క్లాసుకే రాలేదంటున్నారు టీచర్. ఒంట్లో బాలేదేమో అనుకున్నాం. మీరు పంపించారా?”

భార్య నోట్లోంచి వచ్చినదాన్ని ఏడుపనలేం, కేకనలేం. డ్రైవరు ఒక్క ఉదుటున లేచి, డాక్టరమ్మ బల్ల మీద తను పెట్టిన స్కూటరు తాళం మీదికి చెయ్యి చాచాడు. డాక్టరమ్మ చెయ్యి అంతకంటే ముందే దాని మీద పడింది.

“ఎవరైనా వెళ్ళండి. మీరు మాత్రం వెళ్ళకూడదు.”

“నా కూతురండీ!”

“అందుకే చెప్తున్నాను.”

పొడుగోడు అప్పటికే టోపీ విసిరేసి ఆవిడ చేతి కింది నుంచి తాళం లాక్కున్నాడు. గుమ్మం దగ్గర తల వంచడం మరిచిపోయి, నుదురు ఠపీమని కొట్టుకున్నా ఆగలేదు. రెండడుగులు బయటికి వేసి, మళ్ళీ వెనక్కి పరుగెత్తుకొచ్చి, డ్రైవరు రెండు భుజాలూ పట్టుకున్నాడు.

“మీ ఇంటి నుంచి ఇక్కడికి రెండు దారులున్నాయి. మార్కెట్టు మీదుగా ఒకటి, రైలు గేటు మీదుగా ఇంకోటి. నువ్వు ఏ దారిన వచ్చావ్ బావా? చెప్పు, అటే వెళ్తా. తొందరగా చెప్పు!”

డ్రైవరు నోరు తెరిచాడు. ఇరవై ఏళ్ళుగా వందల ఊళ్ళకి దారి చెప్పిన నోరు అది. భార్య ఆయన ముఖంలోకి చూస్తోంది. పొడుగోడు భుజాలు కుదుపుతున్నాడు.

“బావా! ఏ దారి?”

ఆయన తన రెండు చేతుల వంకా చూసుకున్నాడు. వాటిని అడగాలి. ఆయనకి తెలియదు.